టూకాన్ తెలుగు

"ఏమ్మా, బువ్వ తింటివా?" అంది పంజరంలోని టూకాన్.

గుడియాత్తం జనం ఘొల్లున నవ్వారు.

అరటికాయంత ముక్కు. పసుపు మెడ. ఎక్కడో సముద్రం అవతలి అడవి పక్షి. దానికి తెలుగెలా వచ్చింది?

"ఆ అడివిలో గూడా మనోడెవడో టీ అంగడి పెట్టుంటాడప్పా!" అన్నాడు గుంపులోని సుబ్బరాయులు.

"అదేం లేదు. నేనే నేర్పిస్తిని, మూడే దినాల్లో!" అన్నాడు పక్షుల ప్రదర్శన పెట్టిన బాలచంద్రన్.

నిజానికి అది మొదటిసారి మాట్లాడిన రోజు అందరికంటే ముందు ఉలిక్కిపడింది అతనే.

వారం తిరిగేసరికి డేరా ముందు జాతరంత జనం. కబురు వేలూరు దాకా పాకింది. అక్కడి ఎగ్జిబిషన్ మేనేజరు ఆదివారం వచ్చి చూస్తానన్నాడు. పక్షి మాట్లాడితే వేలూరులో నెల రోజులు చోటు. లేకపోతే ఇక్కడి గడువు తీరగానే డేరా విప్పుకోవాల్సిందే.

ఆదివారం పొద్దున్నే బాలచంద్రన్ పంజరానికి పూలదండ వేశాడు.

పక్కన ఎప్పటిలాగే ఒక ముసలాయన, మూతికి తుండుగుడ్డ అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. రోజూ టికెట్ కొనుక్కుని వస్తాడు. సాయంత్రం దాకా కదలడు.

"ఓ పెద్దాయనా, లెయ్యి. ఈ పొద్దు పెద్దోళ్ళు వస్తా ఉండారు."

"ఈ ఒక్క పొద్దూ ఉండనీ నాయనా."

"నీ చొక్కా చూస్తే మేనేజరు గేటు కాడే వెనక్కి తిరుక్కుంటాడు. పద పద!"

బస్సు ఎక్కించి మరీ వచ్చాడు.

మేనేజరు వచ్చాడు. కుర్చీ వేశారు.

"రాజా, సారుని పలకరించు."

టూకాన్ ఒక ద్రాక్షపండును ముక్కు కొసన పట్టింది. పైకెగరేసి గుటుక్కున మింగింది. కప్పలా బెకబెకమంది.

అంతే.

"నిన్నంతా వాగింది సార్! ఒట్టు!"

"కప్పలు మా వేలూరు కోట కందకంలోనే కావాల్సినన్ని ఉండాయప్పా," అంటూ మేనేజరు లేచిపోయాడు.

బాలచంద్రన్ పంజరం ఊచలు పట్టుకుని ఊపేశాడు. "ఇన్ని దినాలు వాగితివే! ఈ పొద్దు నీ నోటికేమొచ్చె?"

గేటు దగ్గర వేరుశనగలమ్మే మారియమ్మ లోపలికి తొంగిచూసింది.

"దాన్నేల తిడతావన్నా? మాట్లాడే ఆయన్ని నువ్వే బస్సెక్కిస్తివి గదా!"

"ఎవురాయన?"

"అయ్యో, నువ్వే పనికి పెట్టుకోనుండావనుకుంటినే! మా మేల్పాడి తోలుబొమ్మలాట సుందరం తాత... చూసేవోళ్ళు లేక బొమ్మల్ని పెట్టెలో పెట్టేసినాడు గానీ, గొంతుని పెట్టలేకపోయినాడన్నా."