పోయిన మిషన్

"కేసు రాయండి సార్," అంది టైలరమ్మ మళ్ళీ.

హెడ్ కానిస్టేబుల్ పెన్ను కింద పెట్టేశాడు. బయట వాన ఎడతెరిపి లేకుండా పడుతోంది. బెంచీ చివర ఆమె చిన్నకొడుకు తల వంచుకుని కూర్చున్నాడు.

"పోయింది కుట్టుమిషనే కదమ్మా. ఆమాత్రానికి కన్నకొడుకు మీద కేసు పెడతావా?"

"మా తిండి దాని మీదే సార్."

"వీడే తీశాడని ఎలా చెప్తున్నావు?"

"పొద్దున చూస్తే మిషన్ లేదు. వీడేమో ముసుగు తన్ని నిద్ర నటిస్తున్నాడు."

"గాలొస్తే ఎగిరిపోయేలా ఉన్నాడు. అంత బరువు వీడు మోశాడా?"

"మోశాడు," అంది ఆమె భుజం నొక్కుకుంటూ. రోజంతా కుట్టేవాళ్ళకి ఆ నొప్పి మామూలేననుకున్నాడాయన.

కానీ ఆమె పట్టుదల చూసి ఆయనకి ఒళ్ళు మండుతోంది. పెద్దకొడుకు శవాన్ని చూపించడానికి ఆమెను ఆస్పత్రికి తీసుకెళ్ళింది తనే. వాడు వీధి చివరి ముఠాతో తిరిగి, వాళ్ళ గొడవల్లోనే కత్తిపోటుకి పోయాడు. ఇప్పుడు అదే ముఠా సాయంత్రమయ్యేసరికి చిన్నవాణ్ణి బండెక్కించుకుని తిప్పుతోంది. ఆ సంగతి వీధంతా ఎరిగిందే.

"మిగిలింది వీడొక్కడు. కేసు రాస్తే బాలల హోమ్‌కి పంపేస్తారు. పెద్దయ్యేదాకా వదలరు, తెలుసా?"

"ఆ హోమ్ నాకు తెలుసు సార్. పెద్దవాడు చెడిపోతాడేమోనని ముందే తీసుకెళ్తే, ఏ తప్పూ చేయని పిల్లలకి చోటు లేదన్నారు. తప్పు చేసేనాటికి వాడికి వయసు దాటిపోయింది."

"ఆ కోపం వీడి మీద చూపిస్తున్నావా? నువ్వేం తల్లివమ్మా!"



ఆయన పిల్లవాడి వైపు తిరిగాడు. "ఒరేయ్, నేను తీయలేదని ఒక్క మాట చెప్పు. ఇంటికి పంపేస్తాను."

వాడు తలెత్తి తల్లి మొహంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు.

"నేనే తీశాను సార్."

"ఎవరికిచ్చావు?"

"గుర్తులేదు."

ఆయన విసుగ్గా కాగితం ముందుకు లాక్కున్నాడు.

జీపు వచ్చేసరికి ఆమె గోడకి చేరబడి నిలబడింది. ఇక వీడు జన్మలో తనని అమ్మా అని పిలవడనుకుంది. వాడు ఆమె పక్కనుంచి వెళ్తూ ఆగాడు. కానిస్టేబుల్‌కి వినపడకుండా ఆమె చెవి దగ్గర మెల్లగా అన్నాడు.

"పిన్నివాళ్ళ ఇల్లు కురుస్తుంది, మిషన్ మీద ఏదైనా కప్పమ్మా."