బుజ్జమ్మ షరతు

డిస్కు మళ్ళీ మామిడి కొమ్మల్లో ఇరుక్కుంది.

"ఆ పళ్ళెం నీకేం అపకారం చేసింది అబ్బాయ్? అలా విసిరికొడుతున్నావు!" అంది నులకమంచం మీద కూర్చున్న బుజ్జమ్మ.

ప్రేమ్‌చంద్ గడకర్ర తీసుకుని కొమ్మని కదిపాడు. డిస్కు కింద పడింది. దాంతోపాటు ఎర్రచీమలు కొన్ని అతని మెడ మీద పడ్డాయి. అతను గంతులు వేస్తుంటే సుప్రజ నవ్వాపుకోలేకపోయింది.

సుప్రజ బుజ్జమ్మకి మనవరాలు, కొడుకు కూతురు. నూజివీడులో ఒక స్కూల్లో ఆటల టీచరు. ట్రైనింగుకి బెంగళూరు వెళ్ళినప్పుడు ఈ డిస్క్ గోల్ఫ్ నేర్చుకొచ్చింది. రెడ్డిగూడెంలో వాళ్ళ ఇంటి వెనకే మామిడితోట. కోతలు అయిపోయాయి కాబట్టి కాయకి దెబ్బ తగులుతుందన్న భయం లేదు. వరుస చివర ఒక గుంజ పాతి, కాయలు మోసే ప్లాస్టిక్ ట్రే దానికి కట్టి, పైన పశువుల గొలుసులు వేలాడదీసింది. అదే బుట్ట. విసిరిన డిస్కు ఆ గొలుసులకి తగిలి ట్రేలో పడాలి. అంతే ఆట.

ప్రేమ్‌చంద్‌ది హనుమాన్ జంక్షన్. ట్రాక్టర్ల స్పేర్ పార్టుల షాపు. మధ్యాహ్నం కాగానే షాపు తమ్ముడికి అప్పజెప్పి బండెక్కుతున్నాడు. నూజివీడు దాటి అంత దూరం రావడం పళ్ళెం విసరడానికే అంటే ఎవరు నమ్ముతారు? ఊళ్ళో టీ కొట్టు దగ్గరవాళ్ళు అతని బండి చూడగానే ఒకళ్ళనొకళ్ళు మోచేత్తో పొడుచుకుంటున్నారు.

బుజ్జమ్మ మొదటిరోజే షరతు పెట్టింది.

"ఆట నేర్చుకోడానికైతే రా, కాదనను. నేనూ ఇక్కడే మంచం వేసుక్కూర్చుంటా. కానీ ఆ పళ్ళెం బుట్టలో పడిందా, నీ చదువు అయిపోయినట్టే. మళ్ళీ ఈ తోటవైపు రాకూడదు."

సుప్రజ తల్లి సుజాత ఆ మాత్రం కూడా మాట్లాడలేదు. బండి చప్పుడు వినపడగానే లోపలికెళ్ళి తలుపు వేసుకునేది. మజ్జిగ పంపేది, అదీ అత్తగారి చేతికిచ్చి. అంత దూరం నుంచి వచ్చిన మనిషిని ఒక్కరోజైనా ఇంట్లోకి రమ్మన్న పాపాన పోలేదు.

"కుడి భుజం బుట్టవైపు పెట్టండి," అంది సుప్రజ, నవ్వు తగ్గాక. "డిస్కుని వెనక్కి తీసుకెళ్ళి, గుండెకి దగ్గరగా లాగాలి. ముందు కుడికాలు నేలకి ఆనాలి. తర్వాత నడుము తిరగాలి. చెయ్యి అన్నిటికన్నా చివర్న రావాలి."

"చివర్నా? విసిరేది చెయ్యే కదా!"

"అదే మీ తొందర. చేతిని ముందు పంపించేసి, కాలుని వెనకాల రమ్మంటున్నారు. ముందే వదిలేస్తున్నారు కాబట్టే ఎడంవైపు పోతోంది. బలం తగ్గించండి, అదే వెళ్తుంది."

ప్రేమ్‌చంద్ బుద్ధిగా తలూపి, పళ్ళు బిగించి మరీ విసిరాడు. డిస్కు ఎడంవైపు తిరిగి మంచం మీదుగా దూసుకుపోయింది. బుజ్జమ్మ తల వంచేసింది.

"రేపొచ్చేటప్పుడు నాకో హెల్మెట్ పట్రా," అంది.

డిస్కు ఎంత దూరం పోతే, తెచ్చుకోడానికి ఇద్దరూ అంత దూరం కలిసి నడవొచ్చు. ఈ ఆటలో ప్రేమ్‌చంద్‌కి అన్నిటికన్నా నచ్చిన భాగం అదే.

"కోచ్ గారూ, ఒక డౌటు," అన్నాడు గొంతు తగ్గించి. "ఆట నిజంగా వచ్చేస్తే నా గతేంటి?"

"ఇంట్లో కూర్చుని వీడియో కాల్ చెయ్యండి."

"దాంట్లో మొహం కనబడుతుంది గానీ..."

"గానీ?"

"చీమలు కుట్టవుగా."

సుప్రజ మూతి బిగబట్టింది. "చూడండి, కావాలని తప్పు విసిరితే మాత్రం ఊరుకోను. నా దగ్గర నేర్చుకుని ఇలా విసురుతున్నారంటే నా పరువేం కాను?"

ఆ అనుమానం అనవసరం. అతను మనస్ఫూర్తిగా సరిగ్గా విసిరినా వంకరగానే పోతోంది.

ఒకరోజు చిన్న తుప్పర పడి వెలిసింది. సుప్రజ తడి డిస్కుని చున్నీతో తుడిచి అతని చేతికిచ్చింది. అతను ఆ రోజు బుట్ట సంగతే మర్చిపోయి ఆమె గొంతు వింటూ నిలబడ్డాడు.

"ఆగండి... ఆగండి... ఇప్పుడు!"

కాలు ఆనింది. నడుము తిరిగింది. చెయ్యి చివర్న వచ్చింది. డిస్కు ఏ తొందరా లేకుండా రెండు వరుసల మధ్య నుంచి తేలుతూ వెళ్ళింది. గొలుసులు ఘల్లుమన్నాయి.

"పడింది! టైమింగ్ అంటే అదీ!" సుప్రజ ఎగిరి గంతేసింది. వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ప్రేమ్‌చంద్ మొహంలో నెత్తురుచుక్క లేదు. బుజ్జమ్మ కళ్ళు మూసుకునే ఉంది. అతను పిల్లిలా నడుచుకుంటూ వెళ్ళి ట్రేలోంచి డిస్కు తియ్యబోయాడు.

"నేనేం నిద్రపోవట్లేదు అబ్బాయ్."

"గాలికి పడిందండీ మామ్మగారూ! నాకింకా ఏం రాలేదు. కావాలంటే సుప్రజని అడగండి."

"షరతు షరతే."

అతనికి నిజంగానే బాధ ముంచుకొచ్చింది. రేపు మధ్యాహ్నం షాపులో బోల్టులు లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి మరి. సుప్రజ తలెత్తలేదు. అంత బాగా నేర్పినందుకు తన మీద తనకే కోపమొచ్చింది.

బుజ్జమ్మ మంచం దిగి చెప్పుల్లో కాళ్ళు పెట్టింది. ఇద్దరి మొహాలూ కాసేపు చూసింది.

"ఆ బుట్టని ఇంకో నాలుగు చెట్ల అవతల పాతవే సుప్రజా, ఆషాఢం వెళ్ళేదాకా కొత్తల్లుడు అత్తగారి గడప తొక్కకూడదన్నారు గానీ, తోటలో పెళ్ళాం దగ్గర పాఠం చెప్పించుకోకూడదని ఎవరూ అనలేదు."