విడిపోయినోళ్ల లెక్క

“ఊరిబిండి నూరినావా, ఊరికే గుద్దినావా? పంటికింద చెనిక్కాయ పప్పులు తగుల్తాండాయి” అంటూ నారాయణప్ప సంగటి తట్టను పక్కకు నెట్టాడు.

“పొద్దున్నించి నీళ్లు మోసిన చేతులు. ఇంతకంటే మెత్తగా నూరవు” అంది ఆంజినమ్మ. ఆ గొంతులో కోపం కూడా లేదు.

“నోరు బాగుండాది. ఆ నోటితోనే ఈ పొద్దు సర్వేకొచ్చే పాపకు చెప్పు, నేను నిన్ను విడిచిపెట్టినానని. ఒంటి ఆడోళ్లకు ఇండ్లు ఇస్తారంట. మన వీధిలో అందరూ అట్లే చెప్పినారు.”

“వాన ల్యాక చేను పాయె. ఇల్లన్నా రానీ మే” అంది అత్త ఓబమ్మ.

సర్వే చేసే చంద్రిక గడప తొక్కేసరికి తల్లీకొడుకులు పెరట్లోకి తప్పుకున్నారు. చంద్రిక చాప మీద కూర్చుంటూనే చెప్పేసింది.

“అక్కా, ఇది పథకం కాదు. ఆలుమగలు ఎట్ల కలుస్తారు, ఎందుకు విడిపోతారు అని మా కాలేజీవాళ్లు తెలుసుకుంటాండారు. ఇల్లు, పింఛను ఏమీ రావు. మీ ఆయన యాడుండాడు?”

ఆంజినమ్మ పెరటి తలుపు వైపు ఒకసారి చూసింది.

“విడిపోయినాం.”

“పెండ్లికి ముందు నిన్ను అడిగినారా?”

“మా నాయనను అడిగినారు.”

“ఎందుకు విడిపోయినారు? కొట్టేవాడా?”

“కొట్టల్లంటే నా పక్క చూడల్ల గదమ్మా.”

“మరి?”

ఆ మాట ఆంజినమ్మను ఇంతవరకు ఎవరూ అడగలేదు. జ్వరంతో పడుంటే ఎద్దుకు కుడితి పెట్టినావా అని లేపిన సంగతి చెప్పింది. తమ్ముడు పోయినాడని కబురొస్తే, సంగటి కెలికిపెట్టి పొమ్మన్న సంగతి చెప్పింది. చంద్రిక రాయడం ఆపి ఆమె ముఖంలోకి చూసింది. ఆంజినమ్మ మాత్రం ఆపలేదు. ఎండ గడప దాటి లోపలికి వచ్చింది.

పొద్దుగూకుతుండగా ముగ్గురూ అన్నానికి కూర్చున్నారు.

“అంతసేపు చెప్పినావే! నమ్మిందా?” నారాయణప్ప హుషారుగా అడిగాడు.

“నమ్మింది.”

“ఇల్లు ఎప్పుడిస్తారంట?”

“ఇల్లు ల్యాదంట. రాంగానే చెప్పింది.”

నారాయణప్ప నోటి దాకా వెళ్లిన ముద్ద ఆగిపోయింది. “తెలిసి తెలిసి అన్ని అబద్ధాలు ఎందుకు చెప్పినావు మే? పిచ్చా?”

ఆంజినమ్మ అత్త తట్టలో చారు పోసి, గిన్నె కింద పెట్టింది.

“అబద్ధం ఒకటే చెప్పినా, విడిపోయినామని. రేపు పొద్దున్నే తాడిపత్రిలో మా అక్క దగ్గరికి పోతాండా. దాంతో అదీ నిజమైతాది.”