దిష్టిచుక్క

“ఆ కాటుక తుడిచెయ్ రాధా. మసి అంటుకుందనుకుంటారు” అన్నాడు రవికాంత్, కారు లాక్ చేస్తూ.

“అనుకోనీ. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుంది” అంటూ రాధారాణి ఐదేళ్ల నైనిక ఎడమబుగ్గ మీది చుక్కను ఇంకాస్త పెద్దది చేసింది. పెళ్లయిన తొమ్మిదేళ్లకు పుట్టిన పిల్ల. ఆమాత్రం భయం ఉండదా మరి.

వాళ్లుండే ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి గంట ప్రయాణం. వెనకటికెవరో ధనవంతుడు ఇంగ్లండులోని ఓ పల్లెను రాయి రాయిగా విప్పించి, ఓడలో తెప్పించి, ఇక్కడ అమెరికాలో మళ్లీ కట్టించాడట. డబ్బెక్కువైతే మనిషికి ఏ కోరికైనా పుడుతుంది. ఇళ్లలో పొయ్యి, ఉయ్యాల అన్నీ ఆనాటివే. చివరి ఇంట్లో నిలువుటద్దం మీద మాత్రం గుడ్డ కప్పి ఉంది.

“అదెందుకు కప్పారు?” అని అడిగింది రాధారాణి.

“ఆ ఊరివాళ్లు దాన్ని పిల్లలకు చూపించేవారు కాదట. మేమూ అలాగే ఉంచాం” అంది కుచ్చుల టోపీ పెట్టుకున్న గైడు.

“చూశావా, తెల్లవాళ్లకీ దిష్టి ఉంది” అంది రాధారాణి బయటికొస్తూ.

“దిష్టీ లేదు, దిబ్బా లేదు” అన్నాడు రవికాంత్. వాదించుకుంటూ నాలుగడుగులు వేసి చూసేసరికి పక్కన పిల్ల లేదు.

రాధారాణి పిలుస్తూ వీధంతా వెతికి, చివరికి మళ్లీ ఆ ఇంట్లోకే పరుగెత్తింది. గుడ్డ నేల మీద పడి ఉంది. అద్దానికి వీపు పెట్టి, జుట్టంతా మొహం మీద పడి, నిలబడి ఉంది నైనిక. ఒక్క ఉదుటున ఎత్తుకుని భుజానికి అదుముకుంది. ఒళ్లు చల్లగా ఉంది.

గుమ్మం దాటుతుంటే “అమ్మా” అని సన్నగా వినిపించింది, ఎక్కడో వెనక నుంచి.

“ఇక్కడే ఉన్నానమ్మా, ఏడవకు” అంది భుజం మీది పిల్ల వీపు నిమురుతూ.

కారులో రవికాంత్ బిస్కెట్ ఇస్తే నైనిక ఎడంచేత్తో అందుకుంది.

“కుడిచేత్తో అమ్మలూ” అంది రాధారాణి. బెదిరిపోయిందిలే అనుకుని ఊరుకుంది.

“నా చుక్కే కాపాడింది. ఇప్పటికైనా ఒప్పుకుంటావా?”

“ఒప్పుకున్నా తల్లీ. ఇక రోజూ పెట్టుకో” అన్నాడు రవికాంత్, కారు స్టార్ట్ చేస్తూ.

రాధారాణి మురిపెంగా వెనక్కి తిరిగి, పిల్ల మొహం మీది జుట్టు పక్కకు తోసింది.

చుక్క కుడిబుగ్గ మీద ఉంది.