తిరస్కరించడమైనది

“ఎవడక్కా ఈ పాడుపని చేసింది?” అంటూ గుమాస్తా కాగితాన్ని బల్ల మీద కొట్టాడు.

అక్క గుండె ఆపరేషన్ ఖర్చుకి సర్కారు అనుమతి రాలేదు. డాక్టరు ముద్ర సగమే పడిందట! ‘తిరస్కరించడమైనది’ అని రాసి, కింద కోడిగీతల్లాంటి సంతకం. నెలాఖరు దాటితే ఇక తన చేతుల్లో లేదని డాక్టరు ముందే చెప్పేశాడు.

“సంతకం నీదేరా,” అంది అక్క ఆయాసపడుతూ.

గుమాస్తా కళ్ళజోడు సర్దుకుని చూశాడు. నిజమే. పేర్లు చూస్తే జాలి పుడుతుందనీ, జాలి పుడితే పని సాగదనీ, ఆఫీసులో అతను దరఖాస్తు మీద పేరున్న చోట పాత క్యాలెండరు అట్టముక్క అడ్డం పెట్టుకుంటాడు. పదేళ్ళుగా అదే అలవాటు.

“చెయ్యి నాదే. సంతకం మాత్రం కుర్చీది,” అన్నాడు. “చూడు, తిరస్కరించాను అని రాశానా? తిరస్కరించడమైనది! అంటే ఎవరూ తిరస్కరించలేదు. దానంతటదే అయిపోయింది.”

“సంబడం! ఆ కుర్చీలో కూర్చునేది నువ్వేగా?”

“నేను కాదక్కా, అక్కడ కూర్చునేవాడు వేరు. వాడికి రూలు తప్ప మనిషి కనబడడు, రాక్షసుడు!” గుమాస్తా తెల్లకాగితం ముందుకు లాక్కున్నాడు. “నువ్వు దిగులుపడకు. అర్జీలు చూసేది కూడా వాడే. వాడి మనసు కరిగేలా నేను రాస్తాగా!”

రాశాడు కూడా. మూడు పేజీలు. కన్నీళ్ళు పడి రెండుచోట్ల అక్షరాలు అలుక్కుపోయాయి. పొద్దున్నే వెళ్ళి, అందరిలాగే ఆఫీసు గేటు దగ్గరున్న పెట్టెలో వేశాడు. చేత్తో పట్టుకెళ్తే పక్షపాతం అంటారు మరి.

పదిగంటలకి చొక్కా పైగుండీ పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. నాలుగో కాగితం అదే వచ్చింది. అలవాటు ప్రకారం పేరు మీద అట్టముక్క పెట్టి చదివాడు. చదువుతుంటే ఎంత ఆపుకున్నా కళ్ళు చెమర్చాయి. పక్క సీటాయనకి కూడా చూపించాడు.

“ఎవరో గానీ, అక్కంటే ప్రాణంలా ఉందండీ పాపం!”

కళ్ళు తుడుచుకుని, కలం తీసి కింద రాశాడు: “అర్జీ పెట్టుకున్నది రోగి కాదు, రోగి తమ్ముడు. తిరస్కరించడమైనది.”