సొరుగులో జోకు

మా లండన్ పత్రికలో పేరున్నవాళ్ళు పోయాక వెయ్యాల్సిన నివాళులను వాళ్ళు బతికుండగానే రాయించి సొరుగులో దాస్తాం. హాస్యనటుడు సిరిల్ ఆసుపత్రిలో చేరాడనగానే, నివాళి రాసిమ్మని అతని పాత జోడీ లెనార్డ్‌కు ఫోన్ చేశాను. ఇరవయ్యేళ్ళు రేడియోలో కలిసి నవ్వించినవాళ్ళు. జోకులు రాసిందెవరన్న తగువుతో పదేళ్ళుగా మాటల్లేవు.

మర్నాడే లెనార్డ్ స్వయంగా కాగితం పట్టుకొచ్చాడు. మొదటి వాక్యమే, "సిరిల్ జీవితంలో ఒక్క జోకూ రాయలేదు."

"పోయేవాడి గురించి ఇదేంటండీ? కాస్త మెత్తగా రాయండి."

"నిజం రాశానయ్యా! వాడైతే నా గురించి ఇంతకన్నా మంచిగా ఏడుస్తాడా?"

నాకు ఒళ్ళు మండింది. ఎవరి గురించి రాసింది వాళ్ళకు చూపకూడదన్న నియమం పక్కనపెట్టి, సొరుగులోంచి లెనార్డ్ మీద రాసిన నివాళి తీసి అతని చేతిలోనే పెట్టాను. ఎనిమిదేళ్ళ కిందట సిరిల్ రాసిచ్చింది అది.

"జోకులన్నీ లెనార్డ్‌వే. నేను చదివానంతే. వాడు బతికుండగా ఈ మాట ఒప్పుకోవడానికి నాకు నోరు రాలేదు."

లెనార్డ్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు.

"ఇది రేపే వెయ్యొచ్చుగా?"

"తప్పకుండా వేస్తామండీ. కాకపోతే ముందు మీరు పోవాలి."

లెనార్డ్ కళ్ళు తుడుచుకునేంతగా నవ్వాడు. "దొంగవెధవ సిరిల్! నేను చదవలేని చోట ఒప్పుకున్నాడు!" అంటూ నా కలం లాక్కుని, తన మొదటి వాక్యం కొట్టేసి మళ్ళీ రాశాడు.

"సిరిల్ జీవితంలో ఒకే ఒక్క జోకు రాశాడు. అలాంటిది నేను ఒక్కటీ రాయలేకపోయాను."