నాలుగో మంచం దాహం

"ఆ మాధురిని సంపీయాల్సిందే!" అన్నాడు జగన్నాధం, కుడిచేత్తో మంచం ఊచ మీద కొట్టి.

ఎడమచెయ్యి కదపడానికి లేదు. అందులోంచి నెత్తురు గొట్టం గుండా మిషన్లోకి పోయి, శుభ్రపడి తిరిగి వస్తోంది.

ఉద్దానంలో కిడ్నీలు చెడిన వాళ్లకి ఈ డయాలసిస్ గదే రచ్చబండ. మిషన్ ఆడినంతసేపూ దేముడమ్మ ఫోన్లో, యూట్యూబులో ఒకావిడ చదివి పెట్టే కథ వింటారు.

కథలో మాధురి ఆస్తి కోసం ప్రేమ నటించి విజయ్‌ని పెళ్లాడింది. పాలల్లో విషం కలిపింది. గ్లాసు అతని పెదాల దాకా తీసుకెళ్లింది.

అంతే. అక్కడ ఆగిన కథ రెండు నెలలైనా కదల్లేదు.

"సంపడమేటి బావా! కాళ్ల మీద పడి ఏడుస్తాది. ఆడు మనసు కరిగి వొగ్గేస్తాడు," అంది పక్క మంచం మీంచి దేముడమ్మ.

"అంత మోసం సేసినదాన్నా? నీకు మతి పోనాది మరదలా."

"ఏదో ఒకటి. నాలుగో మంచం తిరుమలరావు పాపం ఆఖరు తెలీకుండానే పోనాడు."

"నేనలా పోను. యముడొస్తే, కత అయ్యీదాకా బయట బెంచీ మీద కూకోమంతాను."

నవ్వాడు గాని, గుండె కూడా బలహీనపడిందని డాక్టరు మొన్ననే చెప్పాడు. ఆ కథ ఆఖరు వినకుండా పోతానేమోనని అతని బెంగ.

తిరుమలరావు పడుకునే నాలుగో మంచం మీద ఈ రోజు కొత్తగా ఒకామె ఉంది. మెడకి గుడ్డ చుట్టి ఉంది. ఆపరేషనై మాట పోయిందట.

"మాధురి కాదు బావా," అంది దేముడమ్మ. "ఆఖరు సెప్పకుండా పారిపోనాదే, ఆ సదివే మనిసి! అదీ అసలు మోసగత్తె."

ఈ మాట మీద మాత్రం ఇద్దరికీ జట్టు కుదిరింది.

కొత్తామె చెయ్యెత్తింది. గాలిలో వేలితో అక్షరాలు రాసింది.

"మాకు సదువే ఉంటే ఈ ఫోనెందుకు తల్లీ?" అన్నాడు జగన్నాధం.

ఆమె కాసేపు ఆలోచించింది. గ్లాసు పట్టుకున్నట్టు వేళ్లు ముడిచింది. జగన్నాధం వైపు చాచింది. చటుక్కున వెనక్కి లాక్కుని, తన నోటికి ఆనించుకుని, గటగటా తాగినట్టు తల పైకెత్తింది.

ఆ గదిలో ఆ సైగకి ఒకటే అర్థం. నీళ్లు కొలిచి తాగాల్సిన మనుషులు వాళ్లు. కలల్లో కూడా కుండలే కనిపిస్తాయి.

"సిస్టరమ్మా! ఈవిడికి దాహమేస్తంది!"

కృపారాణి సిస్టర్ పరుగున వచ్చింది. "నీళ్లెక్కువైతే ఆయాసమొస్తాదని తెలీదేటమ్మా?" అని కసిరి, తడిగుడ్డ పెదాలకి అద్ది వెళ్లింది.

ఆమె తల అడ్డంగా ఊపింది. మళ్లీ అదే సైగ.

"మాదీ అదే గోలమ్మా," అన్నాడు జగన్నాధం. "కుర్రతనంలో ఒక్క గుక్కకి నుయ్యి ఎండగట్టీసి, కప్పల్ని గట్టు మీద కూకోబెట్టీవోణ్ని. ఇప్పుడు సూడు నా బతుకు!"

దేముడమ్మ పగలబడి నవ్వింది.

ఆమె కళ్లు చెమ్మగిల్లాయి. చెయ్యి దించేసింది.

తర్వాతి వారం నాలుగో మంచం ఖాళీగా ఉంది.

"పోనాది," అంది సిస్టర్, దుప్పటి మారుస్తూ.

"అయ్యో! దాహంతోనే పోనాది," అన్నాడు జగన్నాధం.

అంతలో దేముడమ్మ ఫోను టింగుమంది. ఆఖరి భాగం!

గొంతు కొత్తది. ఎవరో చిన్నపిల్ల.

"మా అక్క ఇక లేదు. మిగిలింది నేను చదువుతున్నాను..."

దేముడమ్మ ఫోను సౌండు పెంచింది.

"మాధురి గ్లాసును విజయ్ పెదవుల దాకా తీసుకెళ్లింది. చటుక్కున వెనక్కి లాక్కుంది. తల పైకెత్తి, చివరి చుక్క దాకా తానే తాగేసింది."

జగన్నాధం కుడిచేతి వేళ్లు వాటంతటవే గ్లాసు పట్టుకున్నట్టు ముడుచుకున్నాయి.

దేముడమ్మ ఖాళీ మంచం వైపు చూసింది.

వాళ్లు మోసగత్తె అని తిట్టిన ఆవిడ, మాట పోయాక కూడా, ఆ మంచం మీంచి ఆఖరి భాగం రెండుసార్లు చెప్పే వెళ్లింది.